మప్పెట్ సినిమాల్లో మీ ఓటు దేనికి? ఒక్కటే చెప్పాలి, కారణం చెప్పాలి

తోకచుక్క:
అందరికీ నమస్కారం. మా పాపకి ఆరేళ్లు. వాళ్ల క్లాసులో ఎవరో కెర్మిట్ బొమ్మ తెచ్చారట, అప్పట్నుంచీ ఇంట్లో ఆకుపచ్చ కప్ప జపం నడుస్తోంది. క్రిస్మస్ సెలవులు ఇచ్చేశారు, బయట మోకాలు లోతు మంచు, ఎక్కడికీ కదిలేది లేదు. సరే, ఆ కప్ప ఉండే మప్పెట్ సినిమాలు (చేత్తో ఆడించే గుడ్డబొమ్మల అమెరికా సినిమాలు) వరసపెట్టి చూపిద్దామని లిస్టు తీస్తే, 1979 నాటి ది మప్పెట్ మూవీ నుంచి 2014 నాటి మప్పెట్స్ మోస్ట్ వాంటెడ్ దాకా థియేటర్లలో వచ్చినవే ఎనిమిది తేలాయి.

నేను చూసింది 2011లో వచ్చినది ఒక్కటే. అదీ హాస్టల్లో, నలుగురం ఒక ల్యాప్‌టాప్ ముందు తలలు దూర్చి. మా ఆయనేమో ఎప్పుడో టీవీలో సగం చూసిన క్రిస్మస్ కేరల్‌తో మొదలుపెట్టమంటున్నారు. మీకు బాగా నచ్చింది ఏది? ఒక్కటే చెప్పండి. "అన్నీ బాగుంటాయండీ" అంటే ఒప్పుకోను.

గోదారిగట్టు:
1979. ఇందులో చర్చేముందండీ.

కెమెరా మబ్బుల్లోంచి దిగుతూ దిగుతూ ఒక చిత్తడి నేల మీదికి వస్తుంది. నీళ్లలో మొద్దు, మొద్దు మీద కప్ప, కప్ప చేతిలో బాంజో. రెయిన్‌బో కనెక్షన్ పాట మొదలవుతుంది. పాల్ విలియమ్స్, కెనెత్ యాషర్ కలిసి రాసింది. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లి ఆగిపోయింది, ఆ ఏడు నార్మా రే సినిమా పాటకి ఇచ్చారు. ఆ గెలిచిన పాట ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరైనా కూనిరాగం తీసి చెప్పండి, నా ఓటు వెనక్కి తీసుకుంటాను.

కథంటారా, పెద్దగా ఏం లేదు. కప్ప హాలీవుడ్‌కి బయల్దేరుతుంది, దారిలో ఫాజీ అనే ఎలుగుబంటి, మిస్ పిగ్గీ అనే పంది, ముక్కు వంకర తిరిగిన గోంజో ఒక్కొక్కరే తోడవుతారు. కప్ప కాళ్ల వేపుడు హోటళ్లు నడిపే డాక్ హాపర్ అనే పెద్దమనిషి, తన ప్రకటనల్లో నటించమని కెర్మిట్ వెంటపడతాడు. కప్పనే కప్ప కాళ్ల వేపుడికి బ్రాండ్ అంబాసిడర్‌గా ఉండమనడం! పిల్లల సినిమాలో ఇంతకన్నా మంచి విలన్ నాకు తగల్లేదు.

నేలటికెట్:
వేపుడంటే గుర్తొచ్చింది, ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?

బాల్కనీటికెట్:
ఏం కూరైనా నీ కామెంట్ల కన్నా ఉప్పూ కారం ఎక్కువే ఉంటుందిలే.

ఉల్లిగారెలు:
తోకచుక్క గారూ, కొత్తగా వచ్చినట్టున్నారు కాబట్టి చెబుతున్నా. పై ఇద్దరూ ఈ ఫోరమ్‌కి స్టాట్లర్, వాల్డార్ఫ్ లాంటివాళ్లు. మప్పెట్ షోలో బాల్కనీ బాక్సులో కూర్చుని ప్రతి ఐటమ్‌నీ తిట్టే ఇద్దరు ముసలాళ్లు ఉంటారు కదా, అదే వరస. వీళ్లకి ఏదీ నచ్చదు, అయినా ఏ థ్రెడ్డూ వదలరు. పట్టించుకోకండి.

కీలుబొమ్మ:
గోదారిగట్టు గారు చెప్పిన ఆ మొద్దు సీన్లో, మప్పెట్లని సృష్టించి కెర్మిట్‌కి చెయ్యీ గొంతూ ఇచ్చిన జిమ్ హెన్సన్ ఎక్కడున్నాడో తెలుసా? నీళ్ల కింద. ఒక లోహపు తొట్టె చేయించి, ఆయన్ని అందులో కుక్కి, మూత బిగించి నీళ్లలో దించారు. గాలి కోసం ఒక గొట్టం. చెయ్యి పైకి పెట్టుకోవడానికి రబ్బరు తొడుగు. బొమ్మ తెరమీద ఎలా కనిపిస్తోందో చూసుకోవడానికి లోపలే ఒక బుల్లి మానిటర్. ఆయన చిన్న మనిషి కూడా కాదు, పొడగరి. అంత మనిషీ ఆ తొట్టెలో ముడుచుకుని కూర్చుని, పైన కప్ప మాత్రం హాయిగా కూర్చుని ఆకాశం చూస్తూ పాడుతున్నట్టు చేశాడు.

నేను స్కూళ్లలో చిన్న చిన్న బొమ్మల ప్రదర్శనలు ఇస్తుంటాను కాబట్టి నాకు ఇదంతా భుజం నొప్పితో సహా తెలుసు. నమ్మకపోతే ఇప్పుడే లేచి, కుడి చెయ్యి తల మీదుగా పైకెత్తి, వేళ్లు మూస్తూ తెరుస్తూ ఐదు నిమిషాలు మాట్లాడి చూడండి. మూడో నిమిషానికి బొమ్మ చూపు నేలమీదికి జారిపోతుంది. నా బొమ్మలు అన్నీ మొదట్లో ఏదో పోగొట్టుకుని కింద వెతుక్కుంటున్నట్టే ఉండేవి. కెర్మిట్ చూపు ఒక్క ఫ్రేములో జారినట్టు చూపించండి.

పైగా వాళ్లు చూసేది బొమ్మని కాదు, మానిటర్‌ని. అది అద్దంలా ఉండదు. మీ కుడికి జరిపితే తెరమీద ఎడమకి వెళ్తుంది. అలవాటు పడేదాకా కళ్లు తిరుగుతాయి.

ఇంకో తమాషా. ఆడించేవాడి కుడి చెయ్యి బొమ్మ తలలో ఉంటుంది కదా, ఎడమ చేతితో బొమ్మ ఎడమ చేతికున్న పుల్లని కదుపుతాడు. అందుకే మప్పెట్లలో చాలామంది ఎడమచేతివాటం వాళ్లే. ఈసారి చూసేటప్పుడు గమనించండి.

తోకచుక్క:
అయ్యో, మా పాపదీ ఎడమచేతే! మా అత్తగారు అన్నం తినేటప్పుడల్లా చెయ్యి మారుస్తుంటారు. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపిస్తాను.

పులిహోరపొట్లం:
మీ ఆయన చెప్పిందే కరెక్ట్ అక్కా. ది మప్పెట్ క్రిస్మస్ కేరల్, 1992. అదీ ఇప్పుడే, డిసెంబర్‌లోనే.

ముందు సంగతి చెప్పాలి. జిమ్ హెన్సన్ 1990 మేలో చనిపోయారు. 53 ఏళ్లే. చిన్న జలుబులా మొదలై, లోపల బాక్టీరియా ఇన్ఫెక్షన్ ముదిరి, ఆస్పత్రికి వెళ్లేసరికే ఆలస్యం అయిపోయింది. సంస్మరణ సభకి ఎవరూ నల్లబట్టలు వేసుకు రావద్దని ముందే రాసిపెట్టుకున్నాడట ఆ మనిషి. సెసమీ స్ట్రీట్ టీవీ షోలోని పెద్ద పక్షి బొమ్మ బిగ్ బర్డ్ వచ్చి కెర్మిట్ పాట పాడింది. ఆ వీడియో నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలో ఆపేశాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి మప్పెట్ సినిమా ఇది. దర్శకత్వం ఆయన కొడుకు బ్రయన్ హెన్సన్, అతనికీ అదే మొదటి సినిమా. కెర్మిట్‌గా స్టీవ్ విట్‌మైర్‌కి మొదటి సినిమా. మధ్యలో రిచర్డ్ హంట్ కూడా పోయాడు, స్టాట్లర్‌ని, స్కూటర్‌ని ఆడించినవాడు. ఇల్లంతా ఏడుస్తుండగా తీసిన కామెడీ అన్నమాట. సినిమాని ఆ ఇద్దరికే అంకితం ఇచ్చారు.

ఇక మైకేల్ కేన్. మనవాళ్లకి నోలన్ బ్యాట్‌మాన్‌లో ఆల్ఫ్రెడ్‌గా తెలుసు. డికెన్స్ కథలోని పిసినారి స్క్రూజ్ పాత్ర ఆయనది. తన చుట్టూ బొమ్మలు లేవని, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ నటులతో చేస్తున్నట్టే చేస్తానని ముందే చెప్పి మరీ ఒప్పుకున్నాడు. ఒక్క సీన్లో కూడా "చూశారా, నేను బొమ్మతో మాట్లాడుతున్నాను" అన్న నవ్వు ఆ ముఖంలో ఉండదు. ఎలుక గుమస్తాలు చలికి బొగ్గు అడిగితే నిజంగానే ఉద్యోగం పీకేస్తాడేమో అన్నట్టు చూస్తాడు. ఆయన గుమస్తాగా వేసిన కెర్మిట్ కొడుకు జబ్బు సంగతి వినేటప్పుడు ఆయన కళ్లు చూడండి. అవతల ఉన్నది గుడ్డ, ఫోము అని మనకి గుర్తుండదు, ఎందుకంటే ఆయనకి గుర్తులేదు.

కీలుబొమ్మ:
+1. ఆయన వీధిలో నడిచే సీన్లకి సెట్‌లో నేల పలకలు తీసేశారు, బొమ్మలాడించేవాళ్లు కింద నిలబడాలి కదా. మధ్యలో సన్నటి పలకల మీద ఈయన నడవాలి. కాలు కాస్త తప్పితే ఎవరో ఒకరి నెత్తిమీద. అలా నడుస్తూ కోపంగా ముఖం పెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి.

నేలటికెట్:
నిర్మాత కూడా అలాగే నడిచి ఉంటాడు.

బాల్కనీటికెట్:
లేదు, ఆయన పరిగెత్తాడు. బయటికి.

ఉల్లిగారెలు:
క్రిస్మస్ కేరల్ బాగుంటుంది, కాదనను. కానీ అది డికెన్స్ సినిమా, మైకేల్ కేన్ సినిమా. మప్పెట్ సినిమా కాదు. కెర్మిట్ అందులో గుమస్తా. మిస్ పిగ్గీ రెండో సగంలో ఎప్పుడో వస్తుంది. ఫాజీది గెస్ట్ రోల్. మన హీరో సినిమా అని మొదటి ఆటకి టికెట్ కొనుక్కుని వెళ్తే, హీరో ఇంటర్వెల్ ముందు ఒకసారి వచ్చి చెయ్యి ఊపి వెళ్లినట్టుంటుంది నాకు.

నా ఓటు ది గ్రేట్ మప్పెట్ కేపర్, 1981. జిమ్ హెన్సన్ స్వయంగా డైరెక్ట్ చేసిన ఒకే ఒక్క మప్పెట్ సినిమా. ఇందులో కెర్మిట్, ఫాజీ కవల పిల్లలు. కప్పా, ఎలుగుబంటీ! ఎవరు ఎవరో జనాలకి గుర్తుపట్టడం రాదు, ఫాజీ టోపీ పెట్టుకుంటే తప్ప. సినిమా మొత్తం ఈ ఒక్క జోకుని ఎవరూ నవ్వకుండా, ఏమీ ఎరగనట్టు మోస్తారు. నేను ఇప్పటికీ మా తమ్ముడి పక్కన ఫోటో దిగేటప్పుడు టోపీ ఎవరికని అడుగుతాను. వాడికి అర్థం కాదు, నాకు మాత్రం ప్రతిసారీ నవ్వొస్తుంది.

ఇంకోటి. డయానా రిగ్ అనే నటి, ఉద్యోగానికి వచ్చిన పిగ్గీకి తన తమ్ముడి కథంతా పూసగుచ్చినట్టు చెబుతుంది. ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారని పిగ్గీ అడుగుతుంది. కథ ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా అని జవాబు. మన సీరియళ్లలో తల్లి కొడుకుతో "నువ్వు నా కొడుకువి, మీ నాన్న పోయి పదేళ్లయింది" అని చెప్పినప్పుడల్లా నాకు ఆ సీనే గుర్తొస్తుంది.

పులిహోరపొట్లం:
ఉల్లిగారెలు గారూ, కెర్మిట్ కాసేపే ఉన్నాడు కాబట్టి అది మప్పెట్ సినిమా కాదా? మాయాబజార్‌లో పాండవులు ఒక్క సీన్లో కూడా కనబడరు. మరి అది పాండవుల కథ కాదంటారా?

ఉల్లిగారెలు:
మాయాబజార్‌ని దించాక ఇంకేం వాదిస్తాను. ఇది ఫౌల్ గేమ్. మోడరేటర్ గారూ, వాదనల్లోకి మాయాబజార్‌ని తీసుకురాకూడదని ఒక రూల్ పెట్టండి.

మోడరేటర్:
పెట్టను. కానివ్వండి.

సైకిల్‌చైన్:
నేను ఆలస్యంగా వచ్చాను, తిట్టకండి. ట్రెజర్ ఐలండ్ పేరెత్తినవాడే లేడేంటి ఇక్కడ? 1996. టిమ్ కర్రీ సముద్రపు దొంగగా రెచ్చిపోయాడు. మైకేల్ కేన్ బొమ్మల మధ్య మనిషిలా ఉంటే, టిమ్ కర్రీ మనుషుల్లోంచి తప్పించుకొచ్చిన మప్పెట్‌లా ఉంటాడు. అదీ గొప్పే కదా? దొంగలూ, ఓడలూ, నిధీ, మధ్యలో గాలి ఆగిపోతే ఓడలో అందరికీ పిచ్చెక్కే పాట. రిజ్జో ఎలుక అదే ఓడలో ఎలుకలకి టూర్ ప్యాకేజీలు అమ్ముకుంటాడు. అంత గొడవ జరుగుతుంటే వెనక కెమెరాలు మెడలో వేసుకుని టూరిస్టు ఎలుకలు! తిరుపతి బస్టాండ్ గుర్తొచ్చింది నాకు.

మగపిల్లలుంటే ఇదే ఫస్టు చూపించండి.

తోకచుక్క:
ఆడపిల్లండీ. అయినా దొంగలంటే మా దానికే ఎక్కువ ఇష్టం.

సైకిల్‌చైన్:
సారీ అక్కా, నాదే తప్పు. అయితే ఇంకా మంచిది, చూపించేయండి.

గోదారిగట్టు:
నాకు 1992 తర్వాత వచ్చినవి ఏవీ పూర్తిగా ఎక్కలేదు. కారణం గొంతు. హెన్సన్ గొంతులో కెర్మిట్ కొంచెం అలసిపోయినట్టు, లోపల నవ్వుకుంటున్నట్టు ఉంటాడు. పది మంది పిచ్చివాళ్లని ఒక్కచోట పెట్టుకుని షో నడిపే మేనేజర్ గొంతు అది. స్టీవ్ విట్‌మైర్ కెర్మిట్ మంచివాడు, మరీ మంచివాడు. ఆ విసుగు లేదు.

కమల్‌హాసన్‌కి తెలుగులో బాలుగారి గొంతు అలవాటైపోయినవాళ్లం మనం. ఇంకెవరో చెబితే మనిషే మారిపోయినట్టుంటుంది. చెప్పినవాళ్లు ఎంత బాగా చెప్పినా సరే.

పులిహోరపొట్లం:
కరెక్టే కానీ, ఈ పోలిక మీకే ఎదురు తిరుగుతుంది. బాలుగారిది కమల్ సొంత గొంతు కాదు కదా! అయినా అదే అసలు గొంతు అనుకున్నాం. అలవాటే అసలు. 1992 సినిమా చిన్నప్పుడే చూసినవాళ్లకి విట్‌మైరే కెర్మిట్. నేను అదే ముందు చూశాను, 1979 సినిమా చూసినప్పుడు "ఇదేంటి, కప్పకి జలుబు చేసిందా" అనుకున్నాను.

గోదారిగట్టు:
జలుబా? మీతో మాటలు బంద్.

కీలుబొమ్మ:
గొంతుల గొడవలో అసలు మజా ఒకటి ఉంది. 2014 మోస్ట్ వాంటెడ్‌లో కెర్మిట్ పోలికలతో కాన్‌స్టాంటైన్ అనే దొంగ కప్ప ఉంటాడు, బుగ్గ మీద పుట్టుమచ్చ తప్ప అంతా సేమ్. అసలు కప్పని సైబీరియా జైలుకి పంపించి తను ఆ స్థానంలో కూర్చుంటాడు. ఆ దొంగ కప్పని ఆడించినవాడు మ్యాట్ వోగెల్. మూడేళ్ల తర్వాత, 2017లో, విట్‌మైర్‌ని తప్పించి అసలు కెర్మిట్‌ని ఎవరి చేతికి ఇచ్చారో తెలుసా? అదే మ్యాట్ వోగెల్‌కి. ఇది ఎవరైనా కథగా రాస్తే అతిగా ఉందంటాం.

బాల్కనీటికెట్:
మా ఆఫీసులో కూడా ఇలాగే జరిగింది. తేడా తెలిసింది ఒక్క క్యాంటీన్ వాడికే.

నేలటికెట్:
నీ సీట్లోకి ఎవరొచ్చినా పని మొదలైందన్న తేడా మాత్రం తెలిసి ఉంటుంది.

తోకచుక్క:
నేను చూసిన 2011 సినిమా గురించి ఎవరూ మాట్లాడరేంటి? జేసన్ సీగెల్, ఏమీ ఆడమ్స్. ఆ "మ్యాన్ ఆర్ మప్పెట్" పాట! నేను మనిషినా బొమ్మనా అని మనిషీ బొమ్మా ఇద్దరూ బాధపడుతూ పాడతారు. హాస్టల్లో మేము నలుగురం దాన్ని పరీక్షల టైములో పాడుకునేవాళ్లం. దానికి ఆస్కార్ కూడా వచ్చింది, మొత్తం మప్పెట్ సినిమాల్లో గెలిచింది అదొక్కటే అని చదివాను.

సైకిల్‌చైన్:
వచ్చింది. కానీ ఆ ఏడు ఉత్తమ పాట విభాగంలో నామినేషన్లు ఎన్నో తెలుసా? రెండే. రెండో పాట రియో కార్టూన్ సినిమాది. మన నాటు నాటు ఐదు పాటల్లో గెలిచింది, అది లెక్క.

ఉల్లిగారెలు:
వచ్చిందయ్యా వచ్చింది, ఇంకా రాలేదేంటా అనుకుంటున్నాను. ఏ థ్రెడ్డైనా నలభై పోస్టుల్లోపు నాటు నాటు దగ్గరికి చేరాల్సిందే.

గోదారిగట్టు:
2011 సినిమా మీద నాకు కోపం లేదు తోకచుక్క గారూ. కానీ అది మప్పెట్ల గురించి కాదు, మప్పెట్లంటే మనకున్న బెంగ గురించి. పాత థియేటర్, దుమ్ము, గోడల మీద పాత ఫోటోలు. వాల్టర్ అనే కొత్త బొమ్మ అంటే ఎవరో కాదు, మనమే. మనల్ని మనం తెరమీద చూసుకుని ముక్కు చీదుకున్నాం. అందుకే మీ పాపకి అది ముందు చూపించొద్దంటాను. దానికి ఇంకా బెంగపడటానికి ఏమీ లేదు కదా. ముందు 1979ది చూస్తే, ఇరవై ఏళ్ల తర్వాత 2011ది పనికొస్తుంది.

పులిహోరపొట్లం:
ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను. మాటలు బంద్ అన్నారు కానీ.

గోదారిగట్టు:
మీతో కాదు, ఆవిడతో మాట్లాడాను.

కీలుబొమ్మ:
ఒక పక్కదారి. మాది ధర్మవరం వైపు, నిమ్మలకుంటకి దగ్గర. చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూస్తూ పెరిగినవాణ్ని. మేకతోలు పలచగా చేసి, రంగులు వేసి, వెనక దీపం పెడితే మనిషంత రాముడు తెరమీద వెలిగిపోతాడు. తెర వెనక ఒకాయనే పాట పాడుతూ, బొమ్మ ఆడిస్తూ, యుద్ధం వచ్చినప్పుడు కాలికింద చెక్కల్ని దబదబా తొక్కేవాడు. రామాయణం మంచి రసపట్టులో ఉండగా జుట్టుపోలిగాడు, బంగారక్క దూరిపోయేవాళ్లు. కథకీ వాళ్లకీ సంబంధం ఉండదు. కొట్టుకుంటారు, తిట్టుకుంటారు, ఊళ్లో పెద్దమనిషి మీద జోకులేస్తారు, పోతారు. జనం నిద్రమత్తు వదిలేది వాళ్ల వల్లే.

మిస్ పిగ్గీని మొదటిసారి చూసినప్పుడు నాకు బంగారక్కే కనిపించింది. ముద్దు కావాలంటే ముద్దు, లేకపోతే ఒక్క గుద్దు. కెర్మిట్ ఎగిరి గోడకి తగులుతాడు.

ఉల్లిగారెలు:
పోలిక బాగుంది కానీ, బంగారక్క జోకులు పిల్లలతో కూర్చుని వినేవి కాదు స్వామీ. మా తాతయ్య ఆ సీన్ రాగానే మమ్మల్ని వేరుశనక్కాయలు కొనుక్కురమ్మని పంపేసేవారు. మేము బండి పక్కన నిలబడి అంతా వినేవాళ్లం, అది వేరే విషయం.

కీలుబొమ్మ:
అదీ నిజమే. పిగ్గీని ఆడించిన ఫ్రాంక్ ఆజ్ స్టార్ వార్స్‌లో యోడా కూడా. ఒకే మనిషి కుడి చేతిలోంచి అంత గయ్యాళీ, అంత జ్ఞానీ వచ్చారు. 1984 టేక్ మాన్‌హట్టన్ ఆయన డైరెక్ట్ చేసిందే, దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. చివర్లో కెర్మిట్, పిగ్గీ పెళ్లి. అది నాటకంలో పెళ్లా నిజం పెళ్లా అని వాళ్లే ఇప్పటికీ తేల్చరు. నా ఓటు మాత్రం 1981కే. పార్కులో అందరూ సైకిళ్లు తొక్కే సీను ఒక్కదానికోసం. 1979లో కెర్మిట్ ఒక్కడే సైకిల్ తొక్కితే జనం నోళ్లు వెళ్లబెట్టారు, రెండేళ్లకి ఊరంతా తొక్కేశారు. కాళ్లు పెడల్ మీద తిరుగుతుంటే, కింద చెయ్యి పెట్టడానికి చోటెక్కడ? పైన క్రేన్ కట్టి తీగలతో ఆడించారని తెలిసి కూడా నేను తీగల కోసం వెతుకుతూనే ఉంటాను.

గోదారిగట్టు:
పిల్లలు తీగలు వెతకరు. అదే నా పాయింటు.

తోకచుక్క:
ఒక సందేహం. క్రిస్మస్ కేరల్ రెండు రకాలుగా ఉందంటున్నారు మా ఆయన. ఒక పాట ఉన్నది, లేనిది. ఏది చూడాలి?

పులిహోరపొట్లం:
ఆహా, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా.

కుర్ర స్క్రూజ్‌ని ప్రేమించిన బెల్, డబ్బు పిచ్చితో తనని పట్టించుకోవడం లేదని వదిలేసి వెళ్లిపోతూ పాడే పాట "వెన్ లవ్ ఈజ్ గాన్". పిల్లలు విసుగుపడతారని డిస్నీలో జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ అనడంతో థియేటర్ ప్రింట్లలో తీసేశారు. వీడియో క్యాసెట్లలో ఉండేది, తర్వాత వచ్చిన మంచి ప్రింట్లలో లేదు. నెగటివే కనబడటం లేదన్నారు చాలాకాలం. చివరికి దొరికింది, 2022 డిసెంబర్‌లో డిస్నీ ప్లస్‌లో పాటతో సహా పెట్టారు. ఎక్స్‌ట్రాస్‌లో ఫుల్ లెంగ్త్ వెర్షన్ అని ఉంటుంది, మెయిన్ బటన్ నొక్కితే రాదు, జాగ్రత్త.

అదే చూడండి. ఎందుకంటే ఆఖర్న అందరూ కలిసి పాడే "ద లవ్ వి ఫౌండ్" పాట ఈ పాటకి జవాబు. అదే బాణీ. ప్రశ్న కోసేసి జవాబు ఉంచితే స్క్రూజ్ ఎందుకు పాడుతున్నాడో ఎవరికి అర్థమవుతుంది? బెల్ పాడుతుండగానే ముసలి స్క్రూజ్ వెనక నిలబడి తనూ గొంతు కలపబోయి, గొంతు పట్టేసి ఆగిపోతాడు. ఆ పది సెకన్ల కోసం నేను ఏడాదికోసారి చూస్తాను.

ఉల్లిగారెలు:
కాట్జెన్‌బర్గ్ తప్పేం లేదు అంటాను. నేను మా అక్క పిల్లలతో చూశాను. ఆ పాట రాగానే ఇద్దరూ లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లారు. పెద్దవాళ్లకి గుండె పిండేసే పాట, పిల్లలకి ఇంటర్వెల్. రెండూ నిజమే.

నేలటికెట్:
ఫ్రిజ్‌లో ఏముంది?

బాల్కనీటికెట్:
సినిమా కన్నా చల్లగా ఉండేది ఏదైనా నాకు ఓకే.

సైకిల్‌చైన్:
మోడరేటర్ గారూ, ఓట్లు ఎన్నయ్యాయి?

మోడరేటర్:
1979కి నాలుగు, 1992కి నాలుగు, 1981కి మూడు, ట్రెజర్ ఐలండ్‌కి మీ ఒక్కటి. మెసేజ్‌లో వచ్చినవి కూడా కలిపాను. మప్పెట్స్ ఫ్రమ్ స్పేస్‌కి ఓటెవరూ వేయలేదు, గోంజో గ్రహాంతరవాసి అని తేల్చిన పాపం ఊరికే పోదు. ఏంటో తెలియకపోవడమే వాడి అందం. ఇది నా సొంత అభిప్రాయం, మోడరేటర్ అభిప్రాయం కాదు.

తోకచుక్క:
నిన్న రాత్రి చూశాం. సారీ గోదారిగట్టు గారూ, బయట మంచు పడుతుంటే క్రిస్మస్ కేరలే గెలిచింది. ఎక్స్‌ట్రాస్‌లోదే పెట్టాం.

స్క్రూజ్ చనిపోయిన భాగస్వాములు మార్లీ సోదరులు దయ్యాలై గొలుసులు మోగించుకుంటూ వచ్చినప్పుడు మా పాప దుప్పటి కిందికి దూరిపోయింది. డికెన్స్ కథలో మార్లీ ఒక్కడే కదా, ఇక్కడ ఇద్దరెందుకని నేను అడిగితే, స్టాట్లర్ వాల్డార్ఫ్ ఇద్దరికీ వేషం ఇవ్వాలి కాబట్టి అన్నారు మా ఆయన. రెండోవాడి పేరు రాబర్ట్ అని పెట్టారు, అంటే రెగే పాటగాడు బాబ్ మార్లీ అని ఆయనే నవ్వుకున్నారు. నాకు ఐదు నిమిషాల తర్వాత వెలిగింది.

మీరు చెప్పిన పాట వచ్చింది. నేను ఏడ్చాను. పాప నీళ్లు తాగొస్తానని లేచి వెళ్లింది. ఉల్లిగారెలు గారు గెలిచారు, పులిహోరపొట్లం గారూ మీరూ గెలిచారు.

అది పడీ పడీ నవ్వింది మాత్రం ఒక్కచోట. రిజ్జో ఎలుక ఇనుప గేటు ఎక్కలేక ఎక్కి, భయపడి భయపడి అవతలికి దూకి పడతాడు. తర్వాత ఏదో మర్చిపోయానని గేటు ఊచల సందులోంచి దర్జాగా ఇటు దూరి, తీసుకుని, మళ్లీ అటు దూరి వెళ్తాడు. గోంజో అలా చూస్తూ ఉండిపోతాడు. దీన్ని ఆరుసార్లు వెనక్కి తిప్పించింది. ఆరోసారి నవ్వి నవ్వి ఎక్కిళ్లు వచ్చాయి.

పొద్దున లేచి వాళ్ల నాన్న ఆకుపచ్చ సాక్సు ఒకటి తీసుకుని చేతికి తొడుక్కుంది. రెండు షర్టు గుండీలు కుట్టి కళ్లు పెట్టాను. జిమ్ హెన్సన్ మొదటి కెర్మిట్‌ని వాళ్లమ్మ పాత కోటు చింపి చేశాడని కీలుబొమ్మ గారు వేరే థ్రెడ్‌లో రాశారు కదా, మా ఇంట్లో బలైంది ఆఫీసు సాక్సు. ఇప్పుడు డైనింగ్ టేబుల్ కింద మా ఆయన పడుకుని చెయ్యి పైకి పెట్టి ఉన్నారు, పైన కప్ప మా అత్తగారిని ఇంగ్లీషులో ఇంటర్వ్యూ చేస్తోంది. ఆవిడ తెలుగులో చాలా సీరియస్‌గా జవాబులు చెబుతున్నారు. మోకాళ్ల నొప్పుల గురించి కూడా చెప్పారు కప్పకి.

కీలుబొమ్మ:
మైకేల్ కేన్‌కి పోటీ వచ్చింది. మీ ఆయన చెయ్యి ఎంతసేపయింది?

తోకచుక్క:
ఇరవై నిమిషాలు. చూపు కిందికి జారిపోతోందని పాప తిడుతోంది.

గోదారిగట్టు:
సాయంత్రం 1979ది పెట్టండి. కప్ప సైకిల్ తొక్కుతుందని చెప్పండి చాలు, తనే అడుగుతుంది.

తోకచుక్క:
చెప్పేశాను. ఇప్పుడు సాక్సుకి కాళ్లు కుట్టమంటోంది.

నేలటికెట్:
ఇంతకీ ఆ రెండో సాక్సు ఏం చేశారు?

బాల్కనీటికెట్:
ఇటు పంపించండి, వీడి నోట్లో పెడతాను.